ఓడ విహారంలో బరువు పెరగకుండా జాగ్రత్తపడటం ఎలా?

తిరుపతి నుంచి చెన్నై రేవుకు రోడ్డు మీద మూడు నాలుగు గంటల ప్రయాణం. 2022లో అక్కడి నుంచి విహార నౌక నడవడం మొదలైన తరువాత మా ఊరి కుటుంబాలకు సముద్ర విహారం అందని మానిపండుగా మిగల్లేదు. సింగపూరు దాకా విమానంలో వెళ్లి అక్కడ ఓడ ఎక్కేవారూ ఉన్నారు. ఆహార నియమాల గురించి సలహా చెప్పడం నా వృత్తి కాబట్టి, వెళ్లివచ్చినవారు నా దగ్గరకు వచ్చి మొదట చెప్పే మాట నాలుగు రోజుల్లో రెండు కిలోలు పెరిగామనే. గత ఏడాది మా అత్తయ్య, మామయ్యలతో కలిసి నేనూ నాలుగు రాత్రుల ఓడ ప్రయాణం చేశాను. అప్పుడు కళ్లారా చూసినదీ, వృత్తిలో తెలుసుకున్నదీ కలిపి, మొదటిసారి ఓడ ఎక్కబోయేవారి కోసం ఇక్కడ రాస్తున్నాను.

ఓడలో బరువు పెంచేది వంటల రుచి కన్నా, భోజనానికి వేళ అంటూ లేకపోవడమే అని నా గట్టి అభిప్రాయం. ఇంట్లో టిఫిను అయ్యాక వంటగది సర్దేస్తాం, మళ్లీ మధ్యాహ్నం దాకా పొయ్యి వెలగదు. ఓడలో తెల్లవారినప్పటి నుంచి అర్ధరాత్రి దాటేదాకా ఏదో ఒక అంతస్తులో ఏదో ఒకటి వడ్డిస్తూనే ఉంటారు. టిక్కెట్టులోనే తిండి ఖర్చు కలిసి ఉంటుంది కనుక జేబులో చెయ్యి పెట్టాల్సిన అవసరం కూడా రాదు. ఆకలి వేసి తినడం పోయి, కనిపించినందుకు తినడం మొదలవుతుంది. అందుచేత మొదటి రోజే ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఏయే గంటలకు తింటారో ఇంటిల్లిపాదీ కూర్చుని నిర్ణయించుకోవాలి. మేము ఎనిమిదిన్నర, ఒంటిగంట, ఏడున్నర అని పెట్టుకున్నాం. సాయంత్రం కాఫీకి ఐదు గంటలు. ఆ నాలుగు వేళలు దాటి ఎవరికైనా నోరు కట్టుకోవడం కష్టమైతే మంచినీళ్లో, చక్కెర లేని నిమ్మరసమో తాగాలని ఒప్పందం. చాలా చిన్న ఏర్పాటులా కనిపిస్తుంది గాని, నేను చెప్పబోయే జాగ్రత్తలన్నీ దీని మీదే నిలబడతాయి.

లెక్క కొంచెం తెలిసి ఉంటే మనసు నిలకడగా ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం, పెద్దగా శారీరక శ్రమ లేని 65 కిలోల పురుషుడికి రోజుకు 2110 కెలోరీలు, 55 కిలోల స్త్రీకి 1660 కెలోరీలు సరిపోతాయి. శరీరంలో ఒక కిలో కొవ్వు చేరాలంటే అవసరానికి మించి సుమారు 7700 కెలోరీలు తినాలి. రోజుకు వెయ్యి చొప్పున నాలుగు రోజులు ఎక్కువ తిన్నా చేరే కొవ్వు అరకిలో పైచిలుకే. మరి రెండు కిలోలు ఎక్కడివన్న సంగతి చివర చెబుతాను. అరకిలోనే కదా అని తేలికగా తీసుకోవద్దు, ఎందుకంటే ఊరికి వచ్చాక కూడా ఓడలో పడిన అలవాటు నోటిని వదలదు.

జాగ్రత్త ఓడ ఎక్కకముందే మొదలు కావాలి. టిక్కెట్టు తీసుకునేటప్పుడే శాకాహారమా, జైన భోజనమా, మధుమేహం ఉందా అన్నది రాయించండి. మనవాళ్లు సంచిలో మురుకులు, నిప్పట్లు, ప్రసాదం లడ్డూలు సర్దుకుంటారు. ఇంట్లో చేసిన తినుబండారాలను చాలా ఓడల్లో లోపలికి రానివ్వరు. రానిచ్చినా, అంత తిండి ఉన్నచోటికి మరో తిండి మోసుకుపోవడం ఎందుకో ఆలోచించండి. బయలుదేరే ఉదయం పరగడుపున ఇంటి తూకం మీద బరువు చూసి రాసిపెట్టుకోండి. ఇక అన్నిటికన్నా ముఖ్యం, ఆ రోజు కడుపు మాడ్చుకోకండి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఓడలో ఎలాగూ బ్రహ్మాండంగా పెడతారు కదా అని దారిలోని పుత్తూరు దాటినా ఏమీ తినకుండా ఉంటే, రేవులో సామాన్ల తనిఖీ, పాస్‌పోర్టు వరుసలు ముగిసేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటుతుంది. అప్పటికి క్యాబిన్లు ఇంకా సిద్ధంగా ఉండవు, అందరినీ నేరుగా బఫేకు పంపుతారు. తొమ్మిది గంటల ఆకలితో బఫే ముందు నిలబడిన మనిషికి ఏ సలహా చెవికెక్కదు. దారిలో రెండు ఇడ్లీలు తిని, ఒక అరటిపండు దగ్గర ఉంచుకుంటే ఆ మొదటి భోజనం అదుపులో ఉంటుంది.

బఫే గురించి కాస్త వివరంగా చెప్పాలి. రెండో రోజు ఉదయం అత్తయ్య తెచ్చుకున్న ప్లేటు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. రెండు ఇడ్లీలు, వాటిని తడుపుతూ సాంబారు, పక్కన ఒక పూరీ, ఉర్లగడ్డ కూర, ఆ కూర రసం అంటుకుని మెత్తబడిన ఒక క్రోసాంట్ (పొరలు పొరలుగా ఉండే ఫ్రెంచి రొట్టె), దాని అంచున జామ్, నాలుగు పుచ్చకాయ ముక్కలు. రెండో చేతిలో ఆరెంజి జ్యూసు గ్లాసు. "ఇంట్లో అయితే మూడు ఇడ్లీలతో లేచిపోతారు కదా అత్తయ్యా" అన్నాను. "ఒక్కోటీ కొంచెం కొంచెమే కదమ్మా పెట్టుకున్నాను" అన్నారు ఆవిడ. ఆ మాటలో అబద్ధం లేదు, బఫేలో జరిగేది కూడా సరిగ్గా అదే. ఒకే రుచి తింటూ ఉంటే నాలుకకు త్వరగా చాలనిపిస్తుంది, రుచి మారగానే ఆకలి మళ్లీ లేస్తుంది. పెళ్లి భోజనంలో పెరుగన్నం దాకా వచ్చి ఇక వద్దన్నవారు, ఆలస్యంగా వచ్చిన జాంగ్రీకి విస్తరిలో చోటు చూపించడం మనం చూడనిది కాదు. రకాలు పెరిగేకొద్దీ తిండి పెరుగుతుంది. పైగా ఆ కొంచెంలో ఏముందన్నది కంటికి తెలియదు. అరవై గ్రాముల క్రోసాంట్‌లో దాదాపు 240 కెలోరీలు ఉంటాయి, అంటే చిన్న ఇడ్లీలు నాలుగింటికి సమానం. కారణం దాని పొరల్లోని వెన్న. పిండి పదార్థం గ్రాముకు 4 కెలోరీలు ఇస్తే కొవ్వు 9 ఇస్తుంది.

మర్నాటి నుంచి మేము ఒక పద్ధతి పాటించాం. ముందు ప్లేటు ముట్టకుండా ఖాళీ చేతులతో బఫే అంతా ఒక చుట్టు తిరిగి రావాలి. ఏమేమి ఉన్నాయో చూశాక, ఆ పూటకు మూడే రకాలు ఎంచుకోవాలి. అప్పుడు చిన్న ప్లేటు తీసుకుని, సగానికి ముందు కూరగాయలు, సలాడ్ పెట్టుకుని, మిగిలిన సగంలో ఒక పప్పో గుడ్డో చేపో, ఒక అన్నమో రొట్టో పెట్టుకోవాలి. వడ్డన బల్లలు కనిపించేచోట కాకుండా కిటికీ పక్కన, సముద్రం వైపు తిరిగి కూర్చోవాలి. ఇంకా తినాలనిపిస్తే పది నిమిషాలు ఆగి లేవాలి. క్రోసాంట్ మీద మనసుంటే అదీ తినవచ్చు, ఆ పూట మూడింటిలో అది ఒకటి కావాలి, అంతే. ఈ పద్ధతి అత్తయ్యకు నచ్చడానికి కారణం, దేన్నీ తినకూడదని నేను అనకపోవడమే.

శాకాహారులకు ఓడలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మాంసం, చేప వదిలేస్తే చేతికందేవి రొట్టెలు, పాస్తా, వేయించిన ఉర్లగడ్డలు, జున్ను పోసిన పిజ్జా, అన్నిటికీ చివర తీపి పదార్థాలు. మాంసకృత్తులు తగ్గి పిండి, కొవ్వు పెరిగితే కడుపు నిండినట్టే ఉండి రెండు గంటలకే మళ్లీ ఆకలవుతుంది. కాబట్టి పప్పు, రాజ్మా, సెనగలు, పనీరు, చక్కెర కలపని పెరుగు ఎక్కడున్నాయో ముందుగా వెతుక్కోండి. కూర్చోబెట్టి వడ్డించే రెస్టారెంటులో అయితే మరునాటి రాత్రికి ఏమి కావాలో ముందురోజే వెయిటరుతో చెప్పి ఉంచితే, చాలావరకు చేసిపెడతారు. నా మటుకు నేను రాత్రి భోజనం అక్కడే మంచిదంటాను. ప్లేటు వాళ్లు తెస్తారు, ఒక్కో వంటకం మధ్య ఎడం ఉంటుంది, లేచి మళ్లీ వడ్డించుకునే వీలు ఉండదు. సాస్, సలాడ్ మీద పోసే క్రీము విడిగా గిన్నెలో ఇమ్మని అడగడానికి మొహమాటపడవద్దు. డెజర్ట్ ఒకటి తెప్పించి ఇద్దరు పంచుకోండి.

పిల్లలతో వెళ్లే తల్లులకు, అమ్మమ్మ, నానమ్మలకు మరొక మాట. పిల్లలు ఐస్‌క్రీమ్, పిజ్జా, వేపుళ్లు ప్లేటు నిండా పెట్టుకుని సగం వదిలేస్తారు. అన్నం పారేయడం అపచారమని పెరిగిన మన చేతులు ఆ మిగిలినది మన నోట్లోనే వేస్తాయి. అన్నం మీద ఆ గౌరవం గొప్ప సంస్కారం, దాన్ని వదులుకోమని నేను చెప్పను. పిల్లల ప్లేటులో ఒకసారికి ఒక్క వస్తువే పెట్టండి, అది పూర్తయ్యాకే రెండోది. మిగలకపోతే తినాల్సిన అవసరమూ ఉండదు.

తాగేవాటిని చాలామంది తిండి లెక్కలో వేయరు. పావు లీటరు ఆరెంజి జ్యూసులో సుమారు 110 కెలోరీలు, 330 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటాయి. రోజు మొత్తానికి చక్కెర 25 గ్రాములకు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మద్యంలో గ్రాముకు 7 కెలోరీలు ఉంటాయి. కొబ్బరి క్రీము, పండ్ల సిరప్ కలిపిన కాక్‌టెయిల్ అయితే ఒక పూట టిఫినుకు తక్కువ కాదు. ఓడలో ఏసీ గాలికి గొంతు ఎండుతుంది, ఆ దాహాన్ని ఆకలిగా పొరబడటం సులువు. నీళ్ల సీసా ఎప్పుడూ చేతిలో ఉండాలి.

నడక విషయంలో తిరుపతివారికి ఒక సౌలభ్యం ఉంది, మెట్లంటే మనకు భయం లేదు. అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కి కొండకు వెళ్లే మామయ్య, ఓడలో మొదటి రోజు రెండు అంతస్తులకు లిఫ్టు కోసం నిలబడటం చూసి నాకు ఆశ్చర్యం వేసింది. బఫే సాధారణంగా పై అంతస్తుల్లో ఉంటుంది కాబట్టి, మోకాళ్లు బాగున్నవారు మెట్ల మీదే వెళ్లాలని నియమం పెట్టుకుంటే రోజుకు నాలుగైదు సార్లు ఎక్కినట్టవుతుంది. మోకాలి నొప్పి ఉన్నవారు డెక్ మీద సమతలంగా నడవాలి. ఎన్ని చుట్లు తిరిగితే కిలోమీటరు అవుతుందో చాలా ఓడల్లో అక్కడే రాసిపెడతారు. సూర్యోదయానికి ముందు అరగంట, రాత్రి భోజనం తరువాత మరో అరగంట నడవడం మాకు చక్కగా కుదిరింది. రాత్రి నడక వల్ల అర్ధరాత్రి చిరుతిళ్ల వైపు కాలు పోదు, నిద్ర కూడా బాగా పడుతుంది. అయితే నడిచాం కదా అని ఎక్కువ తినకండి. 65 కిలోల మనిషి గంటసేపు వేగంగా నడిస్తే ఖర్చయ్యేది 250 నుంచి 300 కెలోరీలు, ఒక చాక్లెట్ కేకు ముక్క ఆ కష్టమంతా తుడిచేస్తుంది. జిమ్ ఉంటుంది, ఇంటి దగ్గర అలవాటున్నవారు వాడుకోవచ్చు. రేవుల్లో దిగిన రోజున బస్సు యాత్ర కన్నా నడిచి చూసే యాత్ర ఎంచుకోండి.

సముద్రం పడనివారు వాంతి భయంతో అసలు తినడం మానేసి, కుదుటపడగానే ఒకేసారి ఆబగా తింటారు. ఖాళీ కడుపూ, నిండు కడుపూ రెండూ వికారాన్ని పెంచుతాయి. కాల్చిన రొట్టె ముక్క, అల్లం ముక్క లాంటివి కొద్దికొద్దిగా తీసుకుంటూ, ఓడ మధ్య భాగంలో కింది అంతస్తులో కూర్చోవడం మేలు. మధుమేహానికి ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడేవారు, తిండి తగ్గించి నడక పెంచితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వారు బయలుదేరేముందు తమ డాక్టరుతో మోతాదు మాట్లాడుకుని, మందులు చేతి సంచిలోనే ఉంచుకోవాలి.

ఇక ఆ రెండు కిలోల సంగతి. ఓడ వంటల్లో ఉప్పు ఎక్కువ, ఉప్పు శరీరంలో నీటిని పట్టి ఉంచుతుంది. పిండి పదార్థాలు ఎక్కువ తిన్నప్పుడు కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా నిల్వ ఉండే ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీరు చేరుతుంది. ఇంటికి వచ్చిన మర్నాడు తూకం చూపించే పెరుగుదలలో ఎక్కువ భాగం ఈ నీరే. దాన్ని చూసి బెంగపడి ఉపవాసాలు చేయవద్దు, చేస్తే మూడో రోజున రెట్టింపు తింటారు. ఇంటికి రాగానే మామూలు తిండిలోకి వచ్చేయండి. మేము ఆ మధ్యాహ్నం చిన్న రాగి సంగటి ముద్ద, ఆకుకూర పప్పు, మజ్జిగతో సరిపెట్టుకున్నాం. ఊరగాయ, అప్పడం నాలుగు రోజులు పక్కన పెట్టాం. ఐదో రోజు ఉదయం పరగడుపున, అదే తూకం మీద చూసిన బరువే లెక్కలోకి వస్తుంది. బయలుదేరిన నాడు అత్తయ్య బరువు 68.4 కిలోలు, వచ్చిన మర్నాడు 69.9, ఐదో రోజున 68.7. ఐదో రోజున కూడా కిలోకు మించి ఎక్కువ చూపితే, రెండు వారాలు రాత్రి భోజనంలో అన్నం సగం తగ్గించి, ఆ సగానికి కూర పెంచి, మళ్లీ తూచుకోండి.