కడుపులో బిళ్లలు: రిపోర్టు చదవడం నుంచి హోమియో గోళీల దాకా

పిల్లలకు కడుపునొప్పి వస్తుంది, హన్మకొండలో స్కానింగ్ చేయిస్తారు, రిపోర్టులో మెసెంటెరిక్ లింఫ్ నోడ్స్ అని ఉంటుంది. "కడుపుల బిళ్లలు కట్టినయట" అన్న మాట పొద్దుగూకేసరికి చుట్టాలందరికీ చేరుతుంది. ఒకరు టీబీ అంటారు, ఒకరు క్యాన్సర్ అంటారు, ఇంకొకరు హోమియో గోళీలు తెచ్చుకొమ్మంటారు. ముందు ఆ కాగితం చదవండి.

పేగులను పట్టి ఉంచే పల్చటి పొరలో లింఫ్ గ్రంథులు అందరికీ ఉంటాయి. గొంతు పట్టినప్పుడు దవడ కింద బిళ్ల తేలినట్టే, జలుబు వైరస్ వల్లనో విరేచనాల వల్లనో ఇవీ ఉబ్బుతాయి. రిపోర్టులో "11 × 6 మి.మీ." అని రెండు అంకెలుంటే అందరూ 11 చూసి బెదురుతారు. చూడాల్సింది చిన్న అంకె. అది 8 మి.మీ. దాటితేనే ఉబ్బినట్టు లెక్క. కొందరు 5 నుంచే లెక్కగడతారు కాబట్టి ఏ జబ్బూ లేని పిల్లల రిపోర్టులోనూ ఈ మాట పడుతుంది. "ఫ్యాటీ హైలమ్ ప్రిజర్వ్‌డ్" (బిళ్ల మధ్యలోని కొవ్వు చెదరలేదని) అని ఉంటే మంచి మాటే. "నెక్రోటిక్" (లోపల కుళ్లినట్టు), "మ్యాటెడ్" (ఒకదానికొకటి అతుక్కున్నట్టు), "కాల్సిఫైడ్" (సున్నం పట్టినట్టు) అని ఉన్నా, కడుపులో నీరుందని రాసినా ఆ దారి వేరు, పిల్లల డాక్టరు దగ్గర తేల్చుకోవాలి. ఇంకొక్క వాక్యం తప్పక వెతకండి: "అపెండిక్స్ నాట్ విజువలైజ్డ్". అపెండిక్స్ బాగుందని దాని అర్థం కాదు, స్కాన్‌లో కనబడలేదని మాత్రమే.

అసలు చిక్కు అక్కడే ఉంది. బిళ్లల నొప్పి, అపెండిక్స్ నొప్పి రెండూ కుడివైపు కిందనే వస్తాయి. బిళ్లల నొప్పికి ముందు చాలాసార్లు జలుబో జ్వరమో ఉంటుంది. నొప్పి వస్తూ పోతూ ఉంటుంది, మధ్యలో పిల్లలు ఆడుకుంటారు. అపెండిక్స్ నొప్పి తరచూ బొడ్డు దగ్గర మొదలై కుడివైపుకు దిగుతుంది, గంట గంటకూ పెరుగుతుంది, తిండి సహించదు. పిల్లవాణ్ణి ఒంటికాలిపై గెంతమనండి. గెంతలేక కడుపు పట్టుకుంటే తెల్లారేదాకా ఆగొద్దు. మగపిల్లలైతే నిక్కరు విప్పి వృషణాలు కూడా చూడాలి. అక్కడ మెలిపడినా నొప్పి కడుపులో ఉందనే చెప్తారు, దానికి గంటల వ్యవధే ఉంటుంది.

ఇవి కనబడితే ఆస్పత్రికే: పచ్చటి వాంతి, కడుపు బిగుసుకుపోవడం, మలంలో రక్తం, పసిపిల్లలు ఉండుండి కాళ్లు ముడిచి ఏడవడం, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం. ఏటూరునాగారం వైపు నుంచి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి చేరాలంటే రెండు గంటలకు పైనే. కాబట్టి 108కి ఫోన్ ముందు చేయండి, తర్జనభర్జనలు దారిలో పెట్టుకోవచ్చు. బొడ్డు జారిందని కడుపు రుద్దించడం, ఆముదం తాగించడం, చురక పెట్టించడం వద్దే వద్దు. పగలడానికి సిద్ధంగా ఉన్న అపెండిక్స్‌కు మొదటి రెండూ మరీ ప్రమాదం.

డాక్టరు చూసి బిళ్లలే అని చెప్తే ఇంట్లో చేయాల్సింది కొంచెమే. నొప్పికి పారాసిటమాల్, కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. 16 కిలోల పిల్లకు 240 మి.గ్రా. అంటే 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉన్న సిరప్ 5 మి.లీ.కి కాస్త తక్కువ. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే: పాత సీసా 5 మి.లీ.లో 120 ఉన్నది, దానితో 10 మి.లీ. పోసిన అలవాటు. కొత్తది 250 అని చూసుకోకుండా అంతే పోస్తే మోతాదు రెట్టింపవుతుంది. వానాకాలం జ్వరాల్లో డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రోఫెన్ అనే ఇంకో నొప్పి మందు ఇవ్వొద్దు. వైరస్ వల్ల ఉబ్బిన బిళ్లలకు యాంటీబయాటిక్ పనిచేయదు. వాంతులుంటే పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలిపి, చెంచా చెంచాగా నిమిషానికోసారి పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. పత్యం అక్కర్లేదు. జావ, పెరుగన్నం, పెసరపప్పు కిచిడి, ఏది తింటే అది పెట్టండి.

ఇక హోమియో. సీసా మీద 30 అని ఉంటే మూలపదార్థాన్ని నూరో వంతుకు చొప్పున ముప్ఫైసార్లు పలచన చేశారని. పన్నెండు సార్లకే అసలు మందు అణువు మిగలడం కష్టం. గోళీలో మిగిలేది చక్కెర. ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి 2015లో 176 అధ్యయనాలు పరిశీలించి, హోమియో ఫలానా జబ్బుకు పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చింది. మరి "ఆ గోళీలతోనే తగ్గింది" అంటారెందుకు? ఈ నొప్పి దానంతటదే వారం నుంచి నాలుగు వారాల్లో పోతుంది. ఆ రోజుల్లో ఏం మింగినా పేరు దానికే.

చక్కెర గోళీతో కడుపుకు హాని లేదు, దాన్ని నమ్ముకుని ఆగడంతోనే హాని. "మందు పట్టుకుంటే ముందు ఎక్కువైతది" అని కొందరు చెప్తారు. పెరుగుతున్న అపెండిక్స్ నొప్పిని అలా రెండు రోజులు భరించమంటే అది పగులుతుంది, ఐదేళ్లలోపు పిల్లల్లో ఇంకా త్వరగా. పగిలినప్పుడు నొప్పి కాసేపు తగ్గినట్టుంటుంది కూడా! గోళీలు పనిచేశాయని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునేది అప్పుడే. తర్వాత కడుపంతా బిగుసుకుంటుంది. ఇంట్లో పెద్దవాళ్ల మాట తీసేయలేక గోళీలు వేస్తే వేయండి, డాక్టరు మందు ఆపకుండా, పై గుర్తులు కనబడితే ఆగకుండా. సీసా మీద క్యూ అని ఉన్న మదర్ టించర్లలో (పలచన చేయని మూలమందుల్లో) ఆల్కహాల్ ఉంటుంది, పిల్లలకు వద్దు. పేరులేని పొట్లం పొడులు అసలే వద్దు.

టీబీ మాట వేరు. రెండు వారాలు దాటిన జ్వరం, బరువు తగ్గడం, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండటం, వీటిలో ఏదున్నా పరీక్షలు చేయించాలి. టీబీ అని తేలితే మందులు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం, మామూలుగా ఆరు నెలలు వాడాలి. స్కానింగ్‌లో బిళ్లలు కనబడ్డంత మాత్రాన మొదలుపెట్టేవి కావు. బరువు వారానికోసారి ఒకే తూకం మీద, ఒకే వేళకు చూసి రాసిపెట్టండి. నొప్పి పోయి, తింటూ ఆడుకుంటున్న పిల్లకు బిళ్లలు కరిగాయో లేదో చూద్దామని మళ్లీ స్కానింగ్ అక్కర్లేదు. నొప్పి పోయాక కూడా అవి కొన్ని వారాలు అలాగే కనబడొచ్చు.