కొత్త నాణేల వేట – 4వ పాఠం: మెరుపు చూడటం, తోమకుండా ఉండటం

ఈ పాఠంలో బ్యాంకు నుంచి చిల్లర పాకెట్లు అడిగి తెచ్చుకునే పద్ధతి చెప్పాల్సింది. దాన్ని కుదించి చివరికి నెట్టేశాను. మూడో పాఠం చదివాక మీరు పంపిన ఫోటోల్లో ఎక్కువ భాగం రెండే రకాలు మరి. "సంవత్సరం కింద ఏ గుర్తూ లేదు, ఇది ఎర్రర్ నాణెమేనా (ముద్రణలో తప్పు దొర్లినదేనా)?" అన్నవి ఒక రకం. గుర్తు అంటే నాణెం ఏ టంకశాలలో తయారైందో చెప్పే చిన్న ముద్ర. గుర్తు సరిగా కనబడటం లేదని తోమేసినవి రెండో రకం.

మొదటిది తొందరగా తేలిపోతుంది. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాల, అంటే ఇప్పటి చర్లపల్లి. డైమండ్ ఉంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. ఏమీ లేకపోతే కోల్‌కతా, ఎందుకంటే వాళ్ళు గుర్తు వేయరు. కాబట్టి మీ చేతిలో ఉన్నది ఎర్రర్ కాదు, మామూలు కోల్‌కతా నాణెం. దాన్ని వేలకు వేలు పెట్టి కొంటామని ఫోన్ చేసేవాళ్ళ మాట నమ్మకండి. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకుని మోసాలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. ఇక హైదరాబాద్ బ్యాంకులో దొరికిన నాణెం మీద నక్షత్రమే ఉండాలని కూడా లేదు. నాలుగు టంకశాలల చిల్లరా దేశమంతా తిరుగుతుంది.

రెండో రకం గురించి మాత్రం గట్టిగానే చెప్పాలి. ఇంట్లో ఇత్తడి చెంబు తోమినట్టు నాణేన్ని చింతపండుతో తోమితే అది పాడైనట్టే. ఒకటి, రెండు రూపాయల బిళ్ళలు స్టెయిన్‌లెస్ స్టీలు కాబట్టి పులుపుకు పెద్దగా రంగు మారవు, కానీ పీచు పెట్టి రుద్దితే గీతలు పడతాయి. అసలు నష్టం పసుపు రంగు లోహాలకు. ఇప్పటి ఐదు రూపాయల బిళ్ళ నికెల్ బ్రాస్, అంటే రాగి, జింకు, నికెల్ కలిసిన లోహం. ఇరవై రూపాయల బిళ్ళ మధ్య భాగమూ అదే. నిమ్మరసం, చింతపండు లాంటి పులుపు ఆ లోహం పైపొరలోని జింకును ముందు తినేస్తుంది, రాగి మిగులుతుంది. అందుకే తోమిన ఐదు రూపాయల బిళ్ళ కాసేపు తళతళలాడి, ఆ తర్వాత గులాబీ ఛాయకు తిరుగుతుంది. మీ ఫోటోల్లో సగం ఆ రంగులోనే ఉన్నాయి. ఇక దాన్ని వెనక్కి తేలేం. టూత్‌పేస్టులో సన్నటి అరగదీసే పొడి ఉంటుంది, కనుక అదీ వద్దు. వంట సోడా వద్దు. మెత్తటి గుడ్డతో పొడిగా తుడవడం కూడా వద్దు, గుడ్డలో చిక్కుకున్న ఒక్క దుమ్ము రేణువు చాలు గీత పడటానికి. జిడ్డు ఉందనిపిస్తే మంచినీళ్ళలో ముంచి తీసి, రుద్దకుండా అద్దండి. అంతకు మించి ఏం చేయాలనిపించినా ఆ నాణెం ఖర్చు పెట్టేసి ఇంకోటి వెతుక్కోండి. కొత్త నాణేల వేటలో ఉన్న వెసులుబాటు అదే, బజార్లో ఇంకోటి దొరుకుతుంది.

గుర్తు కనబడాలంటే తోమక్కర్లేదు, వెలుగు మార్చాలి. గదిలో మిగతా లైట్లు ఆపి, ఒక్క టేబుల్ ల్యాంపు వేయండి. నాణేన్ని అంచుల మీద పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచండి. అచ్చు దెబ్బ కొత్తగా తగిలిన నాణెమైతే, మధ్య నుంచి అంచులకు రెండు మూడు కాంతి చారలు వంచుతున్న కొద్దీ చుట్టూ తిరుగుతాయి. తోమిన నాణెం కూడా మెరుస్తుంది గానీ ఆ చారలు తిరగవు, అద్దంలా ఒకే చోట వెలుగు నిలుస్తుంది. అదే వెలుగులో, పదింతల భూతద్దం కింద, నక్షత్రం ఐదు మొనలూ లెక్కపెట్టగలిగితే అది కొత్తదే. వాడిన నాణెంలో మొనలు అరిగి చుక్కలా అయిపోతాయి. నోయిడా అనుకుని మీరు పంపిన చాలా నాణేలు నిజానికి మన చర్లపల్లివే.

కొత్త నాణెం మీద చిన్న చిన్న నొక్కులుంటే కంగారు పడకండి. టంకశాల నుంచి సంచుల్లో ఒకదానికొకటి కొట్టుకుంటూ వస్తాయి. సింహాల ముఖాల మీదా, అంకె మీదా నొక్కు లేనిదాన్ని ఎంచుకోండి. బొమ్మా అంకే లేని ఖాళీ చోట ఒకటీ అరా ఉన్నా నేను పట్టించుకోను.

ఇక పాకెట్ల సంగతి. బ్యాంకు క్యాషియర్ దగ్గర సీలు తీయని నూరు నాణేల పాకెట్ అడగండి. నెలాఖరున, మధ్యాహ్నం రద్దీలో అడగొద్దు. నేనైతే పాకెట్ విప్పకముందే ప్లాస్టిక్ మీదుగా మూడు నాలుగు సంవత్సరాలు చూస్తాను. అన్నీ ఒకటే అయితే సాధారణంగా మిగతావీ అంతే. ఈ ఏడాది నాణెం ఈ ఏడాదే దొరకాలన్న తొందర వద్దు. ఇరవై రూపాయల బిళ్ళను 2019 మార్చిలో విడుదల చేశారు, మన చేతికి వచ్చినవాటి మీద 2020 ఉంది. టంకశాల అట్టల్లో అమర్చి అమ్మే ఫోల్డర్ సెట్లు అందంగానే ఉంటాయి, కానీ నాకు చిల్లరలో పట్టిందే ఇష్టం.

ఏరగా మిగిలినవి ఖర్చు పెట్టేటప్పుడు పది రూపాయల బిళ్ళతోనే తంటా. కొన్ని దుకాణాల్లో ఇప్పటికీ తీసుకోరు. అప్పటిదాకా వచ్చిన 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది. వాదించకుండా అదే బ్యాంకులో కట్టేయండి.

అభ్యాసం: ఐదు రూపాయల పాకెట్ ఒకటి తెచ్చి నూరూ ల్యాంపు కింద చూడండి. టంకశాలల వారీగా వేరు చేసి, ఒక్కో కుప్పలో ఒక్కటే ఉంచుకోండి. రెండోది ఉంచుకోవడానికి వీల్లేదు. ఎంచిన ప్రతిదాన్నీ, దాని తర్వాత నిలిచినదాన్నీ పక్కపక్కన పెట్టి, ఏ నొక్కు వల్ల రెండోది ఓడిందో కాగితం మీద రాయండి. ఎంచినదాన్ని పీవీసీ ప్లాస్టిక్ కాని హోల్డర్‌లో (నాణెం దాచే తొడుగులో) పెట్టి తేదీ, ఊరు వేయండి. ఈసారి నాకు నాణెం ఫోటోలు వద్దు, ఆ రాసిన కాగితం ఫోటో పంపండి.