అక్షయ తృతీయకు నగల షోరూం కిటికీలో పూలు: ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి

వైశాఖ శుద్ధ తదియ ఏప్రిల్ చివర్లోనో మేలోనో వస్తుంది. హైదరాబాద్‌లో ఎండ 40 డిగ్రీలు దాటే రోజులు. నగల కిటికీలో పూలు వాడిపోయేది నీళ్లందక, నగలు పాడయ్యేది నీళ్లు తగిలి. అందుకే అలంకరణ బొమ్మ గీయకముందే నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, ఎవరు పోస్తారో, ఏ వేళకు పోస్తారో షోరూం వాళ్లతో తేల్చుకోవాలి.

కిటికీని పొద్దున చూసి లెక్క వేయకండి, మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. పడమటి ముఖం అయితే అద్దం వెనక గాలి ఉడికిపోతుంటుంది. స్పాట్‌లైటు కింద, పువ్వు రాబోయే ఎత్తులో చెయ్యి పెట్టి నిమిషం ఆగండి. వెచ్చగా తగిలితే పువ్వు నిలవదు. హాలోజన్ బల్బులుంటే ఎల్‌ఈడీలు వేయించమనండి. ఏసీ గాలి సూటిగా తగిలినా రెక్కల అంచులు ఎండిపోతాయి. రాత్రి షట్టర్ దించాక ఏసీ ఆపేస్తారా అని కూడా అడగాలి. చాలాచోట్ల ఆపేస్తారు, తెల్లారేసరికి పూల తలలు వాలిపోవడానికి అదే కారణం.

ఆర్డర్ చెప్పేటప్పుడు మాట స్పష్టంగా ఉండాలి. హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో ఉత్త ‘లిల్లీ’ అంటే నేలసంపెంగ ఇచ్చేస్తారు; పెద్ద రెక్కల పువ్వు కావాలంటే ‘ఓరియంటల్ లిల్లీ’ అనే చెప్పండి. అది వచ్చాక మొగ్గ విచ్చుకుంటుండగానే కేసరాల చివరి తిత్తులు గిల్లేయాలి. ఆలస్యమైతే పుప్పొడి నగల కింద పరిచిన పట్టు మీద రాలుతుంది. తడిగుడ్డతో తుడిచారా, పసుపు మరక ఉండిపోయినట్టే. సెల్లో టేపు అద్ది ఎత్తేయడమే దారి. మల్లెలు సాయంత్రం విచ్చి మర్నాటికి గోధుమరంగుకు తిరుగుతాయి కాబట్టి, రోజూ మార్చే మనిషి లేకపోతే వాటి జోలికి పోవద్దు. హైడ్రేంజియా ఈ ఎండకు అన్నిటికన్నా ముందు వాడుతుంది. వాడినా పువ్వును తలకిందులుగా అరగంట నీళ్లలో ముంచితే చాలాసార్లు తేరుకుంటుంది.

గులాబీలు వచ్చిన వెంటనే కాడ చివర రెండు మూడు సెంటీమీటర్లు ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసేసి, కడిగిన బకెట్లలో ఆరేడు గంటలు తాగనివ్వండి. కోసిన పూలు నిలవడానికి నీళ్లలో వేసే పూల మందును పొట్లం మీద రాసిన కొలతకే కలపాలి. పలచన చేస్తే అందులోని చక్కెర బ్యాక్టీరియాకు మేత అవుతుంది, దానికన్నా వట్టి నీళ్లే నయం. గులాబీలను 2–4 డిగ్రీల చల్లటి గదిలో ఉంచవచ్చు. ఆంథూరియం, డెండ్రోబియం వంటి ఆర్కిడ్లను మాత్రం ఆ గదిలో పెట్టకండి. 12 డిగ్రీలకు తగ్గితే నల్లబడతాయి. ఆ గదిలో మామిడిపండ్ల బుట్ట ఉండకూడదు. పండే కాయల నుంచి వచ్చే ఇథిలీన్‌కు కార్నేషన్లు ముడుచుకుపోతాయి.

కాడలు గుచ్చడానికి వాడే, నీళ్లు పీల్చుకునే ఫోమ్ ఇటుకను నీళ్ల మీద వదిలేసి, దానంతటదే మునిగేదాకా ఆగాలి. చేత్తో నొక్కితే పైన తడి, నడుమ పొడి. కాడ ఆ పొడి చోట దిగిందంటే పువ్వు పూట గడవకుండానే వాలుతుంది. ఒకసారి గుచ్చిన కాడను లాగి అదే రంధ్రంలో పెట్టినా అడుగున గాలి మిగిలి అంతే అవుతుంది. పొడి ఫోమ్ కోసేటప్పుడు ఆ ధూళి పీల్చకుండా మాస్కు వేసుకోండి, కళ్లలో పడినా మండుతుంది.

23×11×8 సెంటీమీటర్ల ఇటుక తడిశాక దాదాపు 2 కిలోలు. పైనుంచి వేలాడే అలంకరణలో ఇరవై ఇటుకలుంటే ఒక్క నీళ్ల బరువే 40 కిలోలు, కాడలు, ఇనుప చట్రం అదనం. జిప్సం ఫాల్స్ సీలింగ్ దీన్ని మోయదు. శ్లాబులోకి యాంకర్ బోల్టు దించాలి, ప్రధాన తీగ తెగినా ఆపే రెండో తీగ కట్టాలి. వేలాడే వాటికి నీటి గొట్టాలు, అంటే రబ్బరు మూతున్న చిన్న ట్యూబులు వాడితే ఈ గొడవలో సగం తగ్గుతుంది. నగల ట్రేకు, లైటు పట్టీకి నిట్టనిలువుగా పైన తడి ఫోమ్ పెట్టనే వద్దు.

కింద పెట్టే ఫోమ్‌కు అంచున్న ట్రే, ట్రే కింద ప్లాస్టిక్ షీటు, దానికింద ఫెల్టు. ఇనుప చట్రం తడిసి తుప్పు మరక తెల్ల మార్బుల్‌కు ఎక్కిందంటే పాలిష్ ఖర్చు మీ బిల్లులోంచే పోతుంది.

నగల దగ్గర స్ప్రే వద్దు, ముఖ్యంగా ముత్యాలు, పగడాలు ఉన్నచోట. రెండూ కాల్షియం కార్బొనేట్. ఆమ్లం తగిలితే మెరుపు పోతుంది. పూల మందు ఎక్కువగా ఆమ్ల గుణం గలదే. ఆకుల మెరుపు స్ప్రే కొట్టాలంటే బయటే కొట్టి, ఆరాక లోపలికి తేవాలి.

నీళ్లు పోసే వేళ ఒక్కటే ఉంది: రాత్రి నగలు లాకర్‌కు వెళ్లాక, పొద్దున అవి తిరిగి కిటికీలోకి రాకముందు. తాళం ఎవరి దగ్గరుంటుందో ముందే కనుక్కుని, పొడుగు ముక్కు క్యాన్‌తో ట్రేను సగానికి మించకుండా నింపండి. విశాఖ వంటి తీర పట్టణాల్లో కిటికీ అద్దం బయటివైపు మసకేస్తే పూలను తప్పుపట్టకండి, ఏసీ గాలి అద్దానికి తగలకుండా తిప్పండి.

విప్పే రోజు చెత్త సంచి మూతి కట్టేయకండి. చెవిదిద్దు శీలో, ఊడిన రాయో ఫోమ్ ముక్కల్లో, ఫోమ్ మీద కప్పిన నాచులో దూరి ఉండవచ్చు. షోరూం మనిషి ఎదుటే సంచి తిరగబోసి, ఆయన సరేనన్నాకే బయటికి తీసుకెళ్లండి.