సంక్రాంతి టోర్నీలు పెట్టేవాళ్లకు: ఆటలో కూలిన కుర్రాడికి ఫిట్స్ అనుకోవద్దు

హైదరాబాద్‌లో షటిల్ ఆడుతూ ఒక యువకుడు కోర్టులోనే కుప్పకూలిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. పండక్కి ఊరూరా కబడ్డీ, క్రికెట్, వాలీబాల్ పోటీలు మొదలవుతాయి. నీళ్లు తాగమని, వార్మప్ చేయమని వేరే చెప్పక్కర్లేదు. నా భయమంతా ఒక్క పొరపాటు గురించే.

గుండె హఠాత్తుగా ఆగినప్పుడు మెదడుకు రక్తం అందక కాళ్లూ చేతులూ కాసేపు కొట్టుకోవచ్చు. కళ్లు తెరిచే ఉండొచ్చు. మధ్యమధ్య నోరు తెరిచి గురకలా ఎగశ్వాస రావచ్చు. చుట్టూ మూగినవాళ్లు ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలు పెడతారు, మొహాన నీళ్లు కొడతారు. "ఊపిరి ఆడుతోందిలే" అని ఎవరో అంటారు, మిగతావాళ్లు ఆగిపోతారు. సీపీఆర్ (ఛాతీ నొక్కి రక్తాన్ని ఆడించడం) లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం దాదాపు పదో వంతు పడిపోతుంది. ఎగశ్వాస ఊపిరి కాదు.

2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ ఎవరూ తగలకుండానే పడిపోయాడు. మైదానంలోనే సీపీఆర్ చేశారు, గుండెకు కరెంటు షాక్ ఇచ్చారు. బతికాడు. మరుసటి ఏడాది మళ్లీ ఆడాడు కూడా.

కాబట్టి ఆటలో పడినవాడు పిలిస్తే పలక్కుండా, మామూలుగా ఊపిరి తీయకుండా ఉంటే గుండె ఆగిందనే అనుకోండి. ఛాతీకి బంతి తగిలి పడినా అంతే. నాడి వెతుకుతూ కూర్చోవద్దు. ఒకరు 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాలి. దగ్గర్లో ఏఈడీ (గుండెకు షాక్ ఇచ్చే చిన్న యంత్రం) ఉంటే తేవడానికి ఇంకొకరు పరిగెత్తాలి. మూడో మనిషి అప్పటికే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నొక్కుతూ ఉండాలి: 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, ఎందుకంటే అలసిన చేతులు లోతుగా నొక్కలేవు. గుండె ఆగకపోయినా నొక్కామేమో అని టెన్షన్ పడొద్దు. దానివల్ల పెద్ద ప్రమాదం ఉండదు. ఆగినవాడికి నొక్కకపోతే మాత్రం బతకడు.

ఏఈడీ ఆన్ చేస్తే ఏం చేయాలో అదే చెబుతుంది. అవసరం లేకపోతే షాక్ ఇవ్వదు. చెమట తుడిచి ప్యాడ్లు అంటించండి.

పరిగెడుతూ ఒక్కసారి స్పృహ తప్పినా ఆ కుర్రాణ్ణి ఆడించొద్దు, గుండె డాక్టరు చూసి ఈసీజీ, ఎకో తీయించేదాకా. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉంటే ఆ ఇంటి పిల్లల్ని ముందే డాక్టరుకు చూపించండి. జ్వరంతో ఎవర్నీ దింపొద్దు, కొన్ని వైరస్‌లు గుండె కండరాన్ని కూడా వాపెక్కిస్తాయి. పడినవాడి నోట్లో నీళ్లు పోయొద్దు. తాళాలు పెట్టొద్దు. బైకు మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లొద్దు. గురక వినిపించిందని నొక్కడం ఆపొద్దు. మైకు దగ్గర ఉండేవాడికి సీపీఆర్ నేర్పించండి. గ్రౌండ్ గేటు దగ్గర బండ్లు పెట్టనివ్వొద్దు, అంబులెన్స్ లోపలికి రావాలి.