తేలికైన రోడ్ బైక్ చక్రాలకు రిమ్ ఎంచుకోవడం ఎలా?

బెంగళూరులో రోడ్ బైక్ తొక్కే మనవాళ్లు చక్రాలు కట్టించుకుందామనుకోగానే "రిమ్ ఎన్ని గ్రాములు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న చివర్లో అడగండి.

ముందు మీ బ్రేకులు చూసుకోండి. డిస్క్ బ్రేక్ రిమ్‌కు పక్కన బ్రేక్ పట్టే చోటు ఉండదు, కాబట్టి రిమ్ బ్రేక్ బైకుకు పనికిరాదు. రిమ్ బ్రేకులతో నంది హిల్స్ దిగేవాళ్లు అల్యూమినియమే తీసుకోండి. ఆ మలుపుల్లో బ్రేక్ పట్టుకునే దిగాలి, ఆ వేడికి కార్బన్ రిమ్ దెబ్బతినొచ్చు.

తర్వాత రిమ్‌లో స్పోక్‌లు (చక్రం పుల్లలు) పట్టే రంధ్రాల లెక్క. నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం. నా మొదటి వెనక చక్రం 20 స్పోక్‌లతో కట్టుకున్నాను. దేవనహళ్లి దాటాక ఒక గుంతలో పడి టప్‌మని ఒక స్పోక్ తెగింది. చక్రం వంకరపోయి ఫ్రేమ్‌కు రాసుకోవడం మొదలైంది, అక్కణ్నుంచి బండి నడిపించుకునే వచ్చాను. 65 కిలోల లోపువాళ్లకు ముందు 24, వెనక 28 చాలు. 80 దాటితే ముందు 28, వెనక 32 పెట్టుకోండి. నాలుగు స్పోక్‌లు పెరిగితే నిపుల్స్‌తో (స్పోక్ కొసను రిమ్‌కు బిగించే చిన్న నట్లు) కలిపి పెరిగేది సుమారు 25 గ్రాములే. చక్రం మధ్యలో ఉండే హబ్‌లోనూ అన్నే రంధ్రాలుండాలి.

28 మి.మీ. టైరుకు రిమ్ లోపలి వెడల్పు 19 నుంచి 21 మి.మీ. ఉంటే బాగుంటుంది. హుక్ (టైరు అంచును పట్టుకునే మడత) లేని రిముల్లో గాలి 5 బార్, అంటే సుమారు 72 పీఎస్‌ఐ దాటకూడదు. మన గుంతల రోడ్లకు హుక్ ఉన్నదే నయం.

ఇప్పుడు బరువు. అల్యూమినియంలో 430–480 గ్రాములది తీసుకోండి. మరీ తేలికైతే గోడ పలచబడి, నిపుల్ చుట్టూ పగుళ్లు వస్తాయి. ఒక్కో స్పోక్ ఎంత టెన్షన్‌తో (బిగువుతో) లాగినా రిమ్ తట్టుకుంటుందో కూడా చూడండి, 120 కిలోలైతే మంచిది. వెనక చక్రంలో గేర్ల వైపు స్పోక్‌లు బాగా బిగుతుగా, ఎడమవి వదులుగా ఉంటాయి. రంధ్రాలు రెండు మూడు మి.మీ. ఎడమకు జరిపిన రిమ్ దొరికితే ఆ తేడా చాలా తగ్గుతుంది.

రిమ్ ఇంటికొచ్చాక వంటింటి కాటాలో తూచండి. నున్నటి గచ్చు మీద పడుకోబెట్టి ఎక్కడైనా లేస్తోందేమో చూడండి. అతుకు మీద వేలు పోనివ్వండి, మెట్టులా తగలకూడదు.

స్పోక్ పొడవు లెక్కకు రిమ్‌లో ఎదురెదురు నిపుల్స్ మధ్య కొలత (ERD) కావాలి. రెండు పాత స్పోక్‌లను సరిగ్గా 200 మి.మీ. చొప్పున కోసి, నిపుల్స్ బిగించి, ఎదురెదురు రంధ్రాల్లో పెట్టి మధ్యకు లాగండి. వాటి కొసల మధ్య ఖాళీకి 400 కలిపితే అదే కొలత. ఇంకో రెండు చోట్ల కూడా చూసి సగటు తీయండి. కంపెనీ రాసిన అంకెతో ఒకటి రెండు మి.మీ. తేడా రావచ్చు, అందుకే రిమ్ చేతికొచ్చి కొలిచాకే స్పోక్‌లు కొనండి.