సొంత సర్వరు, 4వ భాగం: ఒకే ఐపీ, మూడు సైట్లు, మూడు సర్టిఫికెట్లు

గత పాఠం ముగిసేసరికి మన ఉబుంటు సర్వరులో నేత, పచ్చడి, బడి అనే మూడు సైట్లు 80వ పోర్టు మీద నడుస్తున్నాయి (పేర్ల చివర మీ అసలు డొమైన్ తోక చేర్చుకోండి). ఎన్‌జినెక్స్‌లో సైటుకో సర్వర్ బ్లాకు ఉంది. మూడింటి డీఎన్‌ఎస్‌లోని ‘ఏ’ (ఇంగ్లీషు A) రికార్డులూ ఒకే ఐపీని చూపుతున్నాయి. ఇవాళ వీటిని 443వ పోర్టు, అంటే హెచ్‌టీటీపీఎస్, ఎక్కిద్దాం. ఆదేశాలను ఇక్కడ పలికే తీరున రాశాం. టెర్మినల్‌లో మామూలుగా ఇంగ్లీషు చిన్న అక్షరాలతోనే కొట్టాలి.

ముందు ఒక చిక్కు ఉంది. ఏ సైటు కావాలో చెప్పే హోస్ట్ హెడర్ ఎన్‌క్రిప్షన్ మొదలయ్యాక గానీ రాదు. సర్టిఫికెట్టేమో (సైటు అసలుదేనని బ్రౌజరుకు చూపే గుర్తింపు పత్రం) అంతకుముందే చూపాలి. అడిగింది పచ్చడినో బడినో సర్వరుకు తెలిసేదెలా? ఒకప్పుడు తెలిసేది కాదు, అందుకే సైటుకో ఐపీ కొనేవారు. 2003లో ప్రమాణంగా వచ్చిన ఎస్‌ఎన్‌ఐ ఈ ముడి విప్పింది: బ్రౌజరు తన తొలి పలకరింపులోనే కావలసిన పేరు చెప్పేస్తుంది, సర్వరు ఆ పేరున్న బ్లాకు వెతికి దాని సర్టిఫికెట్ చూపిస్తుంది. విండోస్ ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ఇది రాదు గానీ, ఇప్పుడు దాని గురించి బెంగ అక్కర్లేదు. పేరు చెప్పకపోయినా, చెప్పిన పేరుకు బ్లాకు దొరక్కపోయినా డిఫాల్ట్ బ్లాకు సర్టిఫికెట్టే బయటికొస్తుంది. ఈ వాక్యం గుర్తుంచుకోండి, ఈ పాఠంలో వచ్చే తప్పుల్లో ముఖ్యమైనది ఇక్కడే పుడుతుంది.

(ఈ ఎన్‌క్రిప్షన్‌ను నోటి అలవాటుగా ఎస్‌ఎస్‌ఎల్ అంటుంటారు, కింది వరుసల్లోనూ ఆ పేరే కనిపిస్తుంది. నడిచేది టీఎల్‌ఎస్. ఎస్‌ఎస్‌ఎల్ 3.0ని 2015లోనే పక్కన పెట్టేశారు.)

ఒక సర్టిఫికెట్టా, మూడా?

సర్టిఫికెట్లను ఉచితంగా ఇచ్చే సంస్థ లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఒకే సర్టిఫికెట్‌లో 100 పేర్ల దాకా ఇస్తుంది. మూడు సైట్లనూ ఒకదాన్లో కుక్కేస్తే పని సులువనిపిస్తుంది. మా సలహా మాత్రం సైటుకొకటి. రేపు పచ్చడి సైటు యజమాని వేరే హోస్టింగుకు వెళ్లి డీఎన్‌ఎస్ మార్చాడనుకోండి, ఆ ఒక్క పేరు పరీక్ష (డొమైన్ మీ చేతిలోనే ఉందా అని లెట్స్ ఎన్‌క్రిప్ట్ చూసేది) తప్పి మొత్తం సర్టిఫికెట్ రెన్యువల్ ఆగిపోతుంది. పైగా సర్టిఫికెట్ తెరిచి చూసిన ఎవరికైనా అందులోని పేర్లన్నీ కనిపిస్తాయి. పోటీ దుకాణాలు రెండూ మీ దగ్గరే ఉన్నాయని ఇద్దరికీ తెలియడం ఇబ్బందే కదా.

వైల్డ్‌కార్డ్ వేరే సంగతి. నక్షత్రం.బడి అన్నది ఒక్క మెట్టు సబ్‌డొమైన్లకే సరిపోతుంది. ఒట్టి బడికి గానీ, రెండు మెట్లున్న పరీక్ష.పదో-తరగతి.బడికి గానీ పనికిరాదు. దానికి డొమైన్ మీదేనని డీఎన్‌ఎస్‌లో టీఎక్స్‌టీ రికార్డు పెట్టి నిరూపించుకోవాలి. ఆ పని వచ్చే భాగంలో చేద్దాం.

సర్టిఫికెట్ తీసుకోవడం

లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి సర్టిఫికెట్ తెచ్చిపెట్టే ప్రోగ్రాం సర్ట్‌బాట్. దాన్ని స్నాప్ ద్వారా పెట్టండి. ఇదివరకు ఆప్ట్‌తో పెట్టి ఉంటే ముందు తీసేయండి, లేకపోతే ఏ ఆదేశం ఏ సర్ట్‌బాట్‌ను పిలుస్తోందో తెలియక తికమక పడతారు. తర్వాత, నేరుగా అసలు సర్టిఫికెట్ అడగకుండా, ఉత్తుత్తి పరుగు తీయించాలి:

సుడో సర్ట్‌బాట్ సర్ట్‌ఓన్లీ --ఎన్‌జినెక్స్ --డ్రై-రన్ -డి నేత -డి డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు.నేత

డబ్ల్యులున్న పేరు, లేని పేరు సర్టిఫికెట్ దృష్టిలో రెండు వేర్వేరు పేర్లు. రెండూ ఇవ్వాలి.

డ్రై-రన్ ఎందుకంటే, అవే పేర్లున్న సర్టిఫికెట్‌ను 7 రోజుల్లో 5 సార్లకు మించి ఇవ్వరు. ఒకే పేరు మీద గంటలో 5 సార్లు పరీక్ష తప్పినా తలుపు మూస్తారు. డ్రై-రన్ వెళ్లేది వాళ్ల ప్రయోగాల సర్వరుకు కాబట్టి ఈ లెక్కలోకి రాదు.

తప్పితే మూడు చోట్ల చూడండి. ఒకటి, 80వ పోర్టు. ‘అంతా 443 కదా’ అని ఫైర్‌వాల్‌లో దాన్ని మూసేస్తుంటారు. పరీక్ష వచ్చేది 80కే, తెరిచే ఉంచాలి. రెండు, ఐపీవీ6 అడ్రసు చెప్పే ఏఏఏఏ రికార్డు. పాత హోస్టింగు నాటి ఐపీవీ6 అడ్రసు డీఎన్‌ఎస్‌లో మిగిలిపోతే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ముందు దాని తలుపే తడుతుంది. ఐపీవీ4 అడ్రసు చెప్పే ‘ఏ’ రికార్డును ఎన్నిసార్లు సరిచూసుకున్నా తప్పు దొరకదు. మూడు, సర్టిఫికెట్ ఎవరు ఇవ్వొచ్చో చెప్పే సీఏఏ రికార్డు వేరే సంస్థకే అనుమతిచ్చి ఉండటం.

తెలుగు లిపిలో .భారత్ డొమైన్ ఉన్నవారు పేరును తెలుగులో ఇస్తే సర్ట్‌బాట్ ఒప్పుకోదు. ఎక్స్ఎన్, రెండు అడ్డగీతలతో మొదలయ్యే ప్యూనికోడ్ రూపం ఇవ్వాలి.

ఉత్తుత్తి పరుగు దాటాక సర్ట్‌ఓన్లీ, డ్రై-రన్ మాటలు తీసేసి మళ్లీ కొట్టండి. సర్ట్‌బాట్ సర్వర్ బ్లాకును కూడా తానే మారుస్తుంది. పచ్చడికి, బడికి ఇలాగే, విడివిడిగా.

చేత్తో రాసుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. ఎస్‌ఎస్‌ఎల్_సర్టిఫికెట్ వరుసలో సర్ట్.పెమ్ కాకుండా ఫుల్‌చైన్.పెమ్ ఇవ్వాలి. మొదటిది ఇస్తే కంప్యూటర్ బ్రౌజరులో చాలాసార్లు బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే లోపించిన ఇంటర్మీడియట్‌ను (మీ సర్టిఫికెట్‌ను పైనున్న రూట్‌తో కలిపే మధ్య సర్టిఫికెట్) అది తానే వెతికి తెచ్చుకోగలదు. కర్ల్, చాలా మొబైల్ యాప్‌లు ఆ శ్రమ పడవు. పేమెంట్ గేట్‌వే నుంచి కబురు రావడం లేదన్న రోజున ముందు చూడాల్సింది ఇదే.

పక్కింటి సర్టిఫికెట్

పచ్చడి తెరిస్తే నేత సర్టిఫికెట్ వచ్చి బ్రౌజరు ఎర్రజెండా ఊపుతోందా? పేరుకు బ్లాకు దొరకలేదన్నమాట. డిఫాల్ట్ ఏదో మీరు చెప్పకపోతే ఎన్‌జినెక్స్ మొదట చదివిన బ్లాకునే డిఫాల్ట్ అనుకుంటుంది. ఫైళ్లను అక్షర క్రమంలో చదువుతుంది కాబట్టి అది ఫైలు పేరును బట్టి పోతుంది.

ఇందులో బాగా ఏడిపించే రకం ఒకటుంది. ఇంటి వైఫైలో సైటు చక్కగా వస్తుంది, జియో సిమ్ మీద మాత్రం పక్క సైటు సర్టిఫికెట్ వస్తుంది. జియో నెట్‌వర్కులో ఐపీవీ6 వాడకం ఎక్కువ. నేత బ్లాకులో ‘లిసన్ [::]:443 ఎస్‌ఎస్‌ఎల్’ ఉండి, పచ్చడి బ్లాకులో ఒట్టి ‘లిసన్ 443 ఎస్‌ఎస్‌ఎల్’ ఉంటే, ఐపీవీ6లో వచ్చినవారికి పచ్చడి అనే బ్లాకే లేదు. మూడు బ్లాకుల్లోనూ రెండు లిసన్ వరుసలూ ఉండాలి.

ఆ తర్వాత నాలుగో బ్లాకు ఒకటి రాయండి. ఇందులో సైటేమీ ఉండదు: రెండు లిసన్ వరుసల్లోనూ డిఫాల్ట్_సర్వర్, కింద ‘ఎస్‌ఎస్‌ఎల్_రిజెక్ట్_హ్యాండ్‌షేక్ ఆన్’. ఎన్‌జినెక్స్ 1.19.4 నుంచి ఇది పనిచేస్తుంది. తెలియని పేరుతో వచ్చినవారికి పక్కింటి సర్టిఫికెట్ చూపకుండా గుమ్మం దగ్గరే పంపేస్తుంది. ‘ఎన్‌జినెక్స్ -టి’ తప్పుల్లేవన్నాకే రీలోడ్ చేయండి.

రెన్యువల్

లెట్స్ ఎన్‌క్రిప్ట్ మామూలు సర్టిఫికెట్ గడువు 90 రోజులు. సర్ట్‌బాట్ టైమర్ రోజుకు రెండుసార్లు లేచి చూసుకుంటుంది. --ఎన్‌జినెక్స్ పద్ధతిలో కొత్తది రాగానే రీలోడ్ కూడా అదే చేస్తుంది. --వెబ్‌రూట్ పద్ధతి (పరీక్ష ఫైలును సైటు ఫోల్డరులో పెట్టి, ఎన్‌జినెక్స్‌ను ముట్టుకోనిది) వాడితే మాత్రం --డెప్లాయ్-హుక్‌లో ‘సిస్టమ్‌సీటీఎల్ రీలోడ్ ఎన్‌జినెక్స్’ పెట్టాలి. పెట్టకపోతే డిస్కు మీద కొత్త సర్టిఫికెట్, మెమరీలో పాతది, 90వ రోజున సైటు బంద్. గడువు దగ్గరపడిందని లెట్స్ ఎన్‌క్రిప్ట్ పంపే ఈమెయిళ్లు 2025 జూన్‌లో ఆగిపోయాయి. మీ కాపలా మీరే పెట్టుకోవాలి.

అభ్యాసం

కింది ఆదేశాన్ని మూడు పేర్లతో మూడుసార్లు నడపండి:

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్_క్లయింట్ -కనెక్ట్ మీ-ఐపీ:443 -సర్వర్‌నేమ్ పచ్చడి

సబ్జెక్ట్ వరుసలో ఏ పేరు వచ్చిందో రాసుకోండి. నాలుగోసారి ‘-సర్వర్‌నేమ్ పచ్చడి’ మొత్తం తీసేసి -నోసర్వర్‌నేమ్ పెట్టండి, హ్యాండ్‌షేక్ తిరస్కరించాలి. ఇప్పుడు నాలుగో బ్లాకును తాత్కాలికంగా తీసేసి, రీలోడ్ చేసి, అదే ఆదేశం మళ్లీ కొట్టండి. ఎవరి సర్టిఫికెట్ వస్తుందో ఎంటర్ నొక్కకముందే ఫైలు పేర్లు చూసి చెప్పగలగాలి.