వంటగది పని రద్దు చేసుకోవాలంటే

విజయనగరం కంటోన్మెంటులోని మా ఇంట్లో వంటగది అరల కోసం ఒక కాంట్రాక్టరుకు 60,000 రూపాయలు అడ్వాన్సు ఇచ్చాను. నెలన్నర గడిచినా గోడ మీద పెన్సిలు కొలతలు తప్ప పని జరగలేదు. రద్దు చేస్తామంటే, “అడ్వాన్సు తిరిగి రాదమ్మా” అన్నాడు. ఆ మాటకు బెదిరిపోకండి.

సంతకం చేశాక ఊరికే మనసు మార్చుకునే గడువు ఇలాంటి పనులకు మన చట్టంలో లేదు. అందుకే పూర్తిచేసే తేదీ, రద్దు షరతు ముందే కాగితం మీద రాయించుకోవాలి. అయితే తేదీ దాటినా అతను పని చేయకపోతే అది సేవాలోపమే. ఖర్చయిందంటే బిల్లులు చూపమనండి.

ఫోనులో వాదించి లాభం లేదు. ఉత్తరం రాసి, స్పీడ్ పోస్టులో రసీదుతో పంపండి, 15 రోజుల గడువివ్వండి. చెల్లింపు రసీదు, వాట్సాప్ సందేశాలు, ఫొటోలు జతచేయండి. నేను ఆ గోడకు ఆనాటి దినపత్రికను ఆనించి, తేదీ కనిపించేలా ఫొటో తీశాను.

అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కాంట్రాక్టరుది ఏ ఊరైనా మీరుండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్లు దాటనివ్వకండి.

నా ఉత్తరం అతనికి అందిన తొమ్మిదో రోజునే 48,000 తిరిగి వచ్చాయి. మిగతా దానికి ప్లైవుడ్ బిల్లు చూపించాడు, ఒప్పుకున్నాను.